వానరాకడ చెప్పినవారు



కార్తికము గడచి మార్గశిరము ప్రవేశించునప్పటికి మన డోను ప్రాంతమున రైతు మనస్సు రెండుగా చీలి యుండును. ఎఱ్ఱనేలలో పండిన వేరుశనగను, మన సీమవారు బుడ్డలని పిలుచుదానిని, పెరికి వామి వేసినవాడు ఆకాశమున చారెడు మబ్బు కనిపించినను గుండె పట్టుకొనును. నల్లరేగడిలో శనగ విత్తినవాడు అదే మబ్బును చూచి చేతులు జోడించును. ఒక్కొక్కప్పుడు ఈ ఇద్దరును ఒక్క ఇంటి అన్నదమ్ములే. ఒక వాన ఒకని పంటకు ప్రాణము పోయును, రెండవవాని పంటను కళ్లముననే కుళ్లబెట్టును. కావున ఈ చలికాలమున రేపు మాపు వాన వచ్చునా రాదా యను ప్రశ్న మనకు కాలక్షేపపు ప్రశ్న కాదు. "వానరాకడ ప్రాణపోకడ యెవరి కెఱుక" అని మనవారనిరి. ఆ యెఱుకకై మనుష్యులు పడిన పాట్లను గూర్చి నేడు కొంత ముచ్చటింప దలచితిని.

మొదట నా ఇంటి ముచ్చట నొకటి చెప్పనిండు. నేను పండ్రెండేండ్ల బాలుడనై యుండగా మా నాయనగారికి నాలుగెకరముల బుడ్డలపంట కళ్లమున నుండెను. ఆయన శాస్త్రములు చదివినవారు. పంచాంగము లేక పని ముట్టరు. అయినను సాయంకాలము పంచాయతీ కచేరివద్ద రేడియో వార్తలు తప్పక వినువారు. ఆ దినమున రాయలసీమలో ఒకటి రెండు చోట్ల ఉరుములతో కూడిన జల్లులు పడవచ్చునని వచ్చెను. "ఒకటి రెండు చోట్లనగా మనయూరే యెందుకగును?" అని నాయనగారు వామి కప్పకయే నిద్రపోయిరి. రెండు రాత్రులు వాన కురిసెను. మూడవనాడు తీసి చూడగా కాయలోపలి పప్పు మొలకెత్తియున్నది. గుత్తిరకపు బుడ్డలకు నిద్రాకాలము లేదు. తడి తగిలిన చాలు, మొలచును. మా నాయనగారు ఆ దినమెల్ల రేడియోను నిందించిరి. తప్పు రేడియోది కాదనియు, ఒక చిన్న మాటకు మేమెవ్వరమును అర్థము తెలియనివారమగుటయే తప్పనియు నాకు పెద్దవాడనైన పిదప తెలిసినది. ఆ మాటకు మరల వత్తును.

వాన కొలుచుట మన దేశమునకు కొత్త విద్య కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున కోష్ఠాగారము ముందర మూరెడు నోరుగల కుండము నుంచి వర్షము కొలువవలెనని విధి కలదు. ఏ దేశమున నెంత వాన పడునో ద్రోణములలో లెక్కయు చెప్పబడినది. జాంగలదేశమున పదునారు ద్రోణములు, అశ్మకమున పదుమూడున్నర. అశ్మకమన గోదావరీతీరపు సీమ. దాని రాజధాని పోదనమే నేటి బోధన్ అని పలువురు పండితుల అభిప్రాయము. మన డోను రైలుకూడలికి చిరకాలము ద్రోణాచలమను పేరు చెల్లెను గదా! ఆ పేరును ద్రోణాచార్యునితో ముడిపెట్టుదురు. వానను ద్రోణములతో కొలిచిన దేశమున ద్రోణాచలమునకు మాత్రము ద్రోణములు చాలక పోవుట విధివిలాసము. ఇది హాస్యమునకు చెప్పితిని, చరిత్రగా గ్రహింపకుడు.

కొలుచుట యొకటి, ముందుగా చెప్పుట యొకటి. ఆఱవ శతాబ్దమున వరాహమిహిరుడు బృహత్సంహితలో మేఘగర్భముల నొక అధ్యాయమున వివరించెను. మార్గశిర శుద్ధమునుండి ఆకాశమున కనబడు చిహ్నములు మేఘము గర్భము దాల్చినదానికి గుర్తులట. నాటినుండి నూట తొంబదియైదవ దినమున ఆ గర్భము వర్షమై ప్రసవించునట. శుక్లపక్షపు గర్భము కృష్ణపక్షమున ప్రసవించును. లెక్క వేసి చూచినచో మార్గశిర శుద్ధ పాడ్యమి గర్భము జ్యేష్ఠ బహుళమున, అనగా మృగశిర, ఆర్ద్ర కార్తెల ప్రాంతమున, తేలును. మనవారు ముంగారు విత్తనమునకు చూచు కాలమదియే. చలికాలపు చిహ్నములలో ఆయన చెప్పిన మాట యొకటి నన్ను చాలకాలము ఆలోచింపజేసినది. మార్గశిరమున మితిమీరిన చలియు, పుష్యమున మితిమీరిన హిమపాతమును ఉండరాదట. పుష్యపు మంచునకును మృగశిర వానకును సంబంధమేమి? చదువుకొను దినములలో నేనిది కవులు చెప్పు అతిశయోక్తివంటిదని తలచితిని. దీని సంగతి కొంచెము తాళి వినుడు.

1864వ సంవత్సరమున అక్టోబరు 5వ తేదీని కలకత్తాను పెనుతుఫాను ముంచెను. దాదాపు అరువదివేలమంది మరణించిరి. ఇంకను నెల తిరుగకమునుపే, నవంబరు 1వ తేదీ రాత్రి, మన బందరుపైకి సముద్రము లేచెను. పదుమూడడుగుల యెత్తున నీరు పట్టణమును కమ్మి ముప్పదివేలమందిని పొట్టను పెట్టుకొన్నది. భారతదేశ వాతావరణశాఖ పుట్టుకను చెప్పువారు కలకత్తా తుఫానును, దాని వెనుక 1866లోను 1871లోను వానలు తప్పుటను కారణములుగా పేర్కొందురు. బందరును మాత్రము మరతురు. ఆ పట్టణము రాజధాని కాదు గదా! అంతకుముందు 1789లోను, 1839లోను గోదావరిముఖమునందలి కోరంగి రేవును ఇట్లే ఉప్పెన తుడిచిపెట్టినది. చుట్టలు చుట్టుకొను ఈ గాలికి పాముచుట్ట యను అర్థమువచ్చు గ్రీకుమాటనుండి 'సైక్లోను' అని పేరు పెట్టినవాడు కలకత్తాలో నుండిన హెన్రీ పిడింగ్టన్. మన బంగాళాఖాతపు గాలివానలను చదివి చదివియే ఆయన ఆ పేరు తెచ్చెను. 1848లో అది అచ్చుపుస్తకమున కెక్కినది.

1875లో వాతావరణశాఖ ఏర్పడి, హెన్రీ బ్లాన్‌ఫర్డ్ అను దొర దానికి అధికారి యయ్యెను. ఆయన కుర్చీలో కూర్చున్న మరుసటి యేడే దక్షిణదేశమున మహాక్షామము మొదలైనది. 1876 మొదలు 1878 వరకు సాగిన ఆ కఱవును ధాతకఱవని నేటికిని మన యవ్వలు చెప్పుదురు. దానివలన మిక్కిలి నష్టపడిన జిల్లాలలో మన కర్నూలొకటి. 1871 జనాభాలెక్కకును 1881 లెక్కకును నడుమ ఈ జిల్లా జనములో సుమారు నాలుగవవంతు తరిగిపోయినది. నలుగురున్న ఇంట ఒకరు లేకపోయిరన్నమాట. ఊళ్లు పాడుపడినవి, బావులు పూడిపోయినవి.

ఆ కఱవు కాలముననే బ్లాన్‌ఫర్డ్ ఒక విషయము గమనించెను. హిమాలయమున వసంతము దాటినను మంచు విస్తారముగా నిలిచిన యేడు మైదానములలో వాన తప్పుచున్నది. సూర్యుని వేడి యంతయు మంచు కరగించుటకే వ్యయమగును, నేల వేడెక్కదు, వేడెక్కని నేల సముద్రపుగాలిని లాగికొనలేదు. ఇది ఆయన చెప్పిన కారణము. 1884లో దానిని లండన్ పండితసభ యెదుట నుంచెను. 1886నుండి ఏటేట మంచు చూచి వానజోస్యము ప్రభుత్వమునకు చెప్పుట మొదలైనది. నేనీ సంగతి మొదట చదివిననాడు వరాహమిహిరుని పుష్యమాసపు మాట జ్ఞప్తికి వచ్చి పుస్తకము మూసి చాలసేపు కూర్చుంటిని. అయితే పెద్దలారా, రెంటిని ఒకటే యనుట నాకు సమ్మతము కాదు. ఆయన చెప్పిన హిమపాతమెక్కడిది, ఈయన కొలిచిన మంచెక్కడిది? మనవారు అన్నియు ముందే చెప్పిరని సభలలో చప్పట్లు కొట్టించువారు కొందఱున్నారు. శాస్త్రమునకు అది గౌరవము కాదు.

బ్లాన్‌ఫర్డ్ సూత్రము కూడ ఎల్లకాలము నిలువలేదు. 1899లో ఆయన తరువాతివాడు జాన్ ఇలియట్ మంచి వానలు కురియునని చెప్పగా ఘోరమైన అనావృష్టి వచ్చెను. పత్రికలు దుమ్మెత్తి పోసినవి. కొన్నేండ్లు జోస్యము బయటికి చెప్పక అధికారులకు మాత్రమే పంపిరి. 1904లో వచ్చిన గిల్బర్ట్ వాకర్ గణితపండితుడు. మన వానకును ఎక్కడనో పసిఫిక్ మహాసముద్రముపై గాలిబరువునకును లంకె యున్నదని కనిపెట్టెను. నేడు ఎల్ నినో యని పత్రికలవారు వ్రాయుచున్న విషయమునకు మూలమదియే.

ఇది యంతయు దొరల కథయే యనుకొనకుడు. విశాఖపట్టణమున గోడే వెంకట జగ్గారావుగారను జమీందారీ కుటుంబీకులు చెన్నపట్టణపు నక్షత్రశాలలో విద్య నేర్చి, తమ ఇంటనే వేధశాల కట్టించిరి. 1856లో ఆయన కాలధర్మము చెందగా అల్లుడు అంకితము వెంకట నరసింగరావుగారు దానిని నడిపిరి. గ్రహణములు, శుక్రగ్రహము సూర్యబింబమును దాటుట మొదలగువానిని చూచుటయే గాక, గాలిబరువును, ఎండను, వానను దినదినము కొలిచి వ్రాయించిరి. ఆంధ్రదేశమున ఒక గృహస్థుడు సొంత ధనము వెచ్చించి ఇట్లు ఆకాశమునకు లెక్క వ్రాయుట ఎంత గొప్ప సంగతి! మన పాఠ్యపుస్తకములలో ఈయనకు నాలుగు పంక్తులైన లేవు.

కొలిచినది కొలిచినచోటనే యున్న ప్రయోజనము లేదు. గాలివాన నడచుటకంటె వార్త ముందు నడువవలెను. తంతితపాలా వచ్చుటవలననే అది సాధ్యమైనది. 1861లో ఇంగ్లండున ఫిట్జ్‌రాయ్ అను నావికుడు తంతివార్తలను కూర్చి పత్రికలో రేపటి వాతావరణము ప్రకటింప మొదలిడెను. జనము నవ్విరి, ఆయన మరణానంతరము కొన్నాళ్లు ఆపివేసిరి, మరల మొదలిడిరి. 1922లో రిచర్డ్‌సన్ అను మఱియొకడు ఆఱుగంటల వాతావరణమును గణితముచే చెప్పబూని, చేతిలెక్కలతో వారములు గడిపి, తుదకు తప్పు సమాధానము తెచ్చుకొనెను. అయినను దాచక అచ్చువేసెను. నేటి గణనయంత్రములు చేయు లెక్క ఆ లెక్కయే. వేగము మాత్రము వేరు.

మన ప్రాంతమునకు రేడియో మాట 1938లో చెన్నపట్టణమునుండియు, 1948 డిసెంబరు 1వ తేదీ మొదలు బెజవాడనుండియు, పిదప కడపనుండియు వచ్చినది. అప్పటికి పిడుగు పడిన పల్లెకును సిమ్లాకొండపై మంచునకును ఒకే వార్తలో చోటు దొరకెను. ఇచ్చట మన భాషను గూర్చి ఒక మాట. చలికాలపు వార్తలలో "కాశ్మీరమున మంచు కురియును" అని చెప్పగా మా యూరి పెద్ద యొకడు "మన చేలమీదను దినము కురియుచునేయున్నది గదా, ఇందులో వింతయేమి?" అనెను. ఆయన తప్పనలేదు. తెల్లవారి గడ్డిపై నుండు చినుకు మంచే, త్రోవ కానరాక కమ్ము పొగ మంచే, దూదివలె రాలి మోకాలిలోతున పేరుకొనునదియు మంచే. సంస్కృతమున నీహారము, తుషారము, తుహినము, హిమము, ప్రాలేయము అని పెక్కు పేర్లున్నను మన నోట ఒక్కటే. దూదిమంచు మనకు పడదు. ఉత్తరమున పడమటిగాలుల కలతచే అది పడిన పిదప, ఆ చలిగాలి దక్కనుమీదుగా దిగివచ్చి మన ముంగిట వణకు పుట్టించును. మన్యమున లంబసింగివంటి మెట్టచోట్ల గడ్డిపై నీరు గడ్డకట్టుట కలదు. వడగండ్లు వేఱు. అవి ఉరుముమేఘపు పంట.

మన చలికాలపు వానకు కారణము వేఱొకటి. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు గాలి ఈశాన్యమునుండి తిరిగి, బంగాళాఖాతపు అల్పపీడనములను కోస్తాపైకి తోలును. నల్లమల, వెలికొండలు దాటి వచ్చు మబ్బులో మనకు మిగిలినంతయే ప్రాప్తము. ఒక్కొక్కయేడు ఆ మిగులే మునిగించును.

1977 నవంబరు 19వ తేదీ నాకింకను కన్నులయెదుట నున్నది. అప్పుడు నేను చదువుకొనుచుంటిని. దివిసీమపై ఉప్పెన పడినదని ఆ రాత్రి తెలియలేదు. తంతులు తెగినవి. రెండు మూడు దినములకు గాని సంగతి పూర్తిగా బయటపడలేదు. పదునైదు పదునాఱడుగుల యెత్తున సముద్రము లేచి నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ ప్రాంతములను కమ్మినది. సర్కారు లెక్కకే పదివేలమంది. తుఫాను వచ్చుచున్నదని తెలియును. తుఫానన గాలియు వానయు ననుకొనిరేగాని, సముద్రమే ఊరిమీదికి నడచివచ్చునని పల్లెవారిలో పెక్కుమందికి తోచలేదు. 1864లో బందరువారికి చెప్పువాడు లేడు. 1977లో చెప్పిన మాట యున్నది, మాటకు అర్థము లేదు. ఈ రెంటి నడుమ నూటపదుమూడేండ్లు గడచినవి. అటుపిమ్మట తీరమున తుఫాను ఆశ్రయభవనములు లేచినవి. 1990 మే నెలలో వచ్చిన పెనుతుఫానునకు ఆఱులక్షలకు పైబడిన జనమును ముందుగా తరలించిరి. చచ్చినవారు వేయిమందికి లోపు.

2014 అక్టోబరు 12వ తేదీని హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణమును తాకెను. దినముల ముందే చోటు, వేళ చెప్పబడినవి. లక్షలమందిని తరలించిరి. చెట్లు, కప్పులు, తీగలు పోయినవి గాని ప్రాణనష్టము ఆంధ్రదేశమున నూటికి లోపుగనే నిలిచెను. ఆ గాలి అంతటితో నాగలేదు. బలము తగ్గి ఉత్తరమునకు పోయి, రెండుదినముల పిమ్మట నేపాళమున అన్నపూర్ణ శిఖరప్రాంతమున మంచుతుఫానై విరుచుకుపడెను. కొండనడకకు పోయిన యాత్రికులును, వారికి త్రోవ చూపు కూలివారును నలువదిమందికి పైగా మంచున సమాధియైరి. మన సముద్రమున పుట్టిన తేమయే అక్కడ తెల్లని మృత్యువైనది! విశాఖలో ప్రతి చెవికి చేరిన హెచ్చరిక ఆ కొండకనుమలో నడచువారికి చేరలేదు. వాతావరణవార్త సముద్రతీరమున ముగిసినదని యెవరో యనుకొనిరి కాబోలు.

మన సీమ కథయు చెప్పవలెను. 2009వ సంవత్సరమున నైరుతి వానలు దేశమంతట తప్పినవి. చేలు బీడైనవి. వాన రాదని నిర్ణయించుకొన్న సెప్టెంబరు తుదిదినములలో అల్పపీడనము కృష్ణా, తుంగభద్రల యెగువ నేలపై నిలిచి కురిసినది. అక్టోబరు 2వ తేదీని కర్నూలు నీట మునిగెను, మంత్రాలయము మునిగెను. శ్రీశైలమునకు 25 లక్షల క్యూసెక్కులకు పైబడి నీరు వచ్చెను. ఆ ఆనకట్టను కట్టినవారు తలచిన వరద 19 లక్షలు మాత్రమే. పగిలిన నేల చూచి కంటనీరు పెట్టిన జిల్లా అదే నెలలో పడవల నెక్కినది.

తరువాత 2021 నవంబరు. మరల 19వ తేదీయే. కార్తిక పౌర్ణమి వేళ. రాయలసీమకు అతిభారీ వర్షసూచన ముందే వెలువడినది. కడపజిల్లాలో పింఛ ప్రాజెక్టు కట్ట తెగి, ఆ నీరు చెయ్యేటిలో కలసి, తెల్లవారుసరికి అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకొనిపోయెను. పులపుత్తూరు, మందపల్లి, తొగురుపేట మొదలగు నదితీరపు గ్రామములమీదికి నీరు దూకెను. పదులమంది చనిపోయిరి. ఇచ్చట ఆకాశవార్త సరియే. వాన యెంతయో చెప్పగలిగిరి. ఆ వానకు ఆ కట్ట నిలుచునా, నిలువకున్న ఏ యిల్లు ఎన్ని గడియలలో ఖాళీచేయవలెను అని ఆ రాత్రి ఊరి గడపకు వచ్చి చెప్పుట వేఱొక పని. అది ఆకాశము చూచువాని పని కాదు, నేలమీద నున్నవారి పని.

ఇప్పుడు ముందు వాయిదా వేసిన మాటకు వత్తును. వాతావరణవార్తలో ప్రతి పదమునకు లెక్క కలదు. ఒకటి రెండు చోట్లనగా ఆ ప్రాంతమున వాన కొలుచు కేంద్రములు నూఱున్నచో ఇరువదియైదింటి వరకు వాన పడవచ్చునని. కొన్ని చోట్లనగా ఏబదివరకు. అనేక చోట్లనగా డెబ్బదియైదువరకు. చాల చోట్లనగా అంతకు మించి. ఇట్లే భారీ వర్షమన ఒక దినమున అఱువదినాలుగున్నర మిల్లీమీటర్లు మొదలు నూటపదునైదున్నర వరకు. మన పాతలెక్కకు రెండున్నర అంగుళములు దాటినది. దానిపైన అతిభారీ. 204 మిల్లీమీటర్లు దాటిన అత్యంత భారీ. మా నాయనగారు ఒకటి రెండు చోట్లను వందయూళ్లలో ఒకటి రెండుగా లెక్కించిరి. నూటికి ఇరువదియైదని తెలిసియుండిన వామి కప్పియుండెడివారే. వైదికమున స్వరము తప్పిన అర్థము తప్పునని నాకు నేర్పినది ఆయనయే.

ఇప్పటి సదుపాయములు హెచ్చు. ఉరుముమేఘము మూడుగంటలలో ఏ మండలముపైకి వచ్చునో రాడారు చూచి చెప్పుచున్నారు. పచ్చ, పసుపు, నారింజ, ఎఱుపు రంగులతో హెచ్చరికలున్నవి. ఎఱుపన్న పనులు మాని కదలవలెను. పుణెలోని సంస్థవారు పిడుగు హెచ్చరికకై చేతిఫోనున 'దామిని' యను సాధనము చేసిరి. సౌదామని శబ్దమునకు చుట్టమైన ఆ పేరు పెట్టినవారెవరో సంస్కృతము వచ్చినవారు. పిడుగువేళ చెట్టుకింద నిలువవలదని మనవారికి ఎన్నిసార్లు చెప్పినను చాలదు. కళ్లమునొద్ద ఒంటిచింత కనబడగానే కాళ్లు అటే పోవును.

ఇంతచేసినను రేపటి సంగతి చెప్పినంత గట్టిగా పదునైదుదినముల సంగతి చెప్పలేరు. చెప్పలేమని వారే యొప్పుకొందురు. మొన్న మాయూరి రైతొకడు నన్ను దారిలో నిలిపి, "అయ్యవారూ, సంక్రాంతిదాక వాన లేదని ఎవడో ఫోనులో చెప్పినాడు, నమ్మవచ్చునా?" అనెను. ఎవరు చెప్పిరని యడిగితిని. తెలియదనెను. రేపటిది ఎల్లుండిది అయిన సర్కారువారి వార్త విని నమ్ముము, నెలదినములది చెప్పినవాడెవడో తెలియనప్పుడు వామిమీద పట్టా తీయకుమంటిని.

మా నాయనగారు ఆ బుడ్డలు మొలచిన యేటినుండి ఒక అలవాటు చేసికొనిరి. సాయంకాలము రేడియో చెప్పినది పంచాంగపు అంచున వ్రాసి, మఱునాడు జరిగినది దానిక్రింద వ్రాయువారు. ఆ పంచాంగములు నా పెట్టెలో నున్నవి. అంచులు చిరిగినవి, సిరా వెలిసినది. ఒక మార్గశిర బహుళమున "ఒకటి రెండు చోట్ల జల్లులు" అని యున్నది. దానిక్రింద ఆయన చేతివ్రాతలో: "రాత్రి రెండుజాములకు వాన. వామి కప్పితిమి. నేడు ఆ చోట్లలో మనదొకటి."